కుంకుడు రసం, బూడిద నీళ్ళు

మేముండే మార్కమ్ ఊరి చరిత్రలో 1794 అన్న సంవత్సరం ముఖ్యమైనది. ఆ ఏడాది విలియం బెర్జీ అనే జర్మన్ ఆయన 64 కుటుంబాల్ని వెంటేసుకుని న్యూయార్క్ రాష్ట్రం నుంచి ఇక్కడికొచ్చి అడవి కొట్టడం మొదలుపెట్టాడు. (అంతకు ముందు ఇక్కడేమీ లేదని కాదు. వెండాట్ ప్రజల ఊళ్ళుండేవి. ఊరి పుట్టినరోజు లెక్కల్లో వాళ్ళని ఎవరూ కలపరు, అంతే.) సరిగ్గా అదే ఏడాది ఐర్లండులోని కార్క్ నగరంలో, పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన తన ప్రయాణాల పుస్తకం అచ్చు వేయించాడు. ఒక భారతీయుడు ఇంగ్లీషులో రాసి ప్రచురించిన మొదటి పుస్తకం అదేనంటారు. దానికి ఒక్క ఏడాది ముందు, 1793లో, విలియం రాక్స్‌బరో అనే డాక్టరు మా సామర్లకోట వదిలి కలకత్తా కంపెనీ తోటకి వెళ్ళాడు.

ఈ ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసుంటుందని నేననుకోను. కానీ ప్రస్తుతం మా బేస్‌మెంట్ అరలో ఆరుతున్న 24 షాంపూ బిళ్ళల్లో ముగ్గురి వాటా ఉంది. అదెలాగో చెప్తాను.

ముందు ఊరి సంగతి. మొదట వచ్చినవాళ్ళకి ఇక్కడ దొరికింది చెట్లు, చెట్లు, మళ్ళీ చెట్లు. నేల దున్నాలంటే అవి పోవాలి. కొట్టి తగలబెట్టేవారు. మిగిలిన బూడిదే వాళ్ళకి మొదటి రొక్కం పంట! బూడిదని అడుగున చిల్లులున్న పీపాలో పోసి, పైనుంచి నీళ్ళు పోస్తే కింద ఎర్రటి క్షారజలం దిగుతుంది. దాన్ని ఇనప బానల్లో ఇగరబెడితే పొటాష్. అది మాంట్రియల్ మీదుగా ఇంగ్లండుకి పోయేది, అక్కడి గాజు, సబ్బు, బట్టల పరిశ్రమలకి. కెనడా గడ్డ మీద మొట్టమొదటి పేటెంటు అని చెప్పుకునేది కూడా దీనికే. 1791లో క్విబెక్‌లో ఆంగస్ మక్డొనెల్, శామ్యూల్ హాప్కిన్స్ అనే ఇద్దరికి, కర్ర బూడిదనుంచి పొటాష్, సబ్బు చేసే పద్ధతికి ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ పేటెంట్ల గొడవల మధ్య బతికే నాబోటిదానికి ఇది చదివితే భలే ముచ్చటేసింది.

అమ్మగా మిగిలిన క్షారంతో ఇంట్లో ఆడవాళ్ళు సబ్బు వండుకునేవారు. పంది కొవ్వో, ఎద్దు కొవ్వో కరిగించి, బూడిద నీళ్ళు పోసి, ఆరుబయట పెద్ద బానలో గంటల తరబడి కలపడం. క్షారం సరైన చిక్కదనంలో ఉందో లేదో చూడటానికి అందులో కోడిగుడ్డు వేసేవారు. గుడ్డు పైకి తేలి, చిన్న నాణెమంత మేర బయటికి కనిపిస్తే సరిపోయినట్టు. ఇలా తయారైనది మనం అనుకునే గట్టి బిళ్ళ కాదు. పొటాషియం సబ్బు జావలా మెత్తగా ఉంటుంది, జాడీలో పోసి చెంచాతో తీసుకోవాలి. దాంతోనే బట్టలు, దాంతోనే గిన్నెలు, దాంతోనే తల. పాపం ఆ తలలెలా ఉండేవో!

ఇప్పుడు మా వైపు సంగతి. మా అమ్మమ్మగారిది పెద్దాపురం. ఆదివారం పొద్దున్నే పెరట్లో కుంకుడుకాయలు రాయి మీద చితక్కొట్టే చప్పుడు. గింజలు ఏరి పక్కన పడేసి (వాటితో మేం ఆడుకునేవాళ్ళం), తొక్కలు వేడినీళ్ళలో నానేసి, చేత్తో పిసికి నురగ తీసేది మా దొడ్డమ్మ. మందార ఆకులు దంచి కలిపేది. తలకి నూనె పెట్టించుకుని పీటల మీద వరసగా కూర్చున్న ఆడపిల్లలం అయిదుగురం. "కళ్ళు గట్టిగా మూసుకోవే" అన్న మాట పూర్తయ్యేలోగా కంట్లో పడేది. ఆ మంట తెలిసినవాళ్ళకి నేను వర్ణించక్కర్లేదు, తెలియనివాళ్ళకి వర్ణించలేను. ఉప్పుకల్లు నోట్లో వేసుకుంటే తగ్గుతుందనేవారు. ఎందుకు తగ్గాలో నాకిప్పటికీ అర్థం కాలేదు కానీ, ఏడుపు మాత్రం ఆగేది. నోట్లో ఉప్పు పెట్టుకుని ఏడవడం కష్టం మరి :-)

ఇందులో గమనించాల్సిందేంటంటే, కుంకుడు రసం సబ్బు కాదు. నురగ ఒకేలా కనిపిస్తుంది కానీ లోపల జరిగేది వేరు. సబ్బంటే కొవ్వునీ క్షారాన్నీ కలిపి మనిషి చేసిన లవణం. కుంకుడు తొక్కలో, శీకాయ కాయలో ఉండేది సపోనిన్ అనే పదార్థం. చెట్టే తయారుచేసి పెడుతుంది. నిప్పూ బూడిదా కొవ్వూ ఏమీ అక్కర్లేదు, నీళ్ళు చాలు. సబ్బు నీళ్ళ పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. శీకాయ, కుంకుడు నీళ్ళు కాస్త ఆమ్లం వైపు ఉంటాయి. వెంట్రుకకి క్షారం పడదు, పైపొర పొలుసులు లేచి గరుకవుతుంది. ఆమ్లం తగిలితే ఆ పొలుసులు అణిగి జుట్టు నున్నగా జారుతుంది. అందుకే సబ్బుతో తల రుద్దుకున్నాక నిమ్మరసమో వెనిగరో కలిపిన నీళ్ళు పోసుకోమంటారు.

రెండోది నీళ్ళ సంగతి. ఉప్పునీళ్ళ బావి ఉన్న ఊళ్ళో సబ్బు రుద్ది చూడండి. నురగ రాదు సరికదా, నీళ్ళలోని కాల్షియంతో కలిసి తెల్లటి జిడ్డు తేలి జుట్టుకి పట్టుకుంటుంది. సపోనిన్‌కి ఆ బెడద లేదు. మా మార్కమ్ కుళాయిలో వచ్చేది ఆంటారియో సరస్సు నీళ్ళు. లీటరుకి సుమారు 120 మిల్లీగ్రాముల కాఠిన్యం, అంటే ఓ మోస్తరు. ఇక్కడే సబ్బు బిళ్ళ రెండు వారాలు వాడితే దువ్వెనకి మైనంలాంటిది అంటుతుంది. మన కోస్తా బావుల సంగతి చెప్పేదేముంది? మన పూర్వీకులు తలకి సబ్బు చేసుకోకపోవడానికి తెలివి తక్కువై కాదు, అవసరం లేక అని నా అభిప్రాయం.

ఎందుకంటే క్షారం మనకి తెలియనిది కాదు. చాకలివాళ్ళు చౌడు మట్టి తెచ్చి, బట్టలు ఆ నీళ్ళలో తడిపి బాన మీద ఉడకబెట్టేవారు. ఇంట్లో గిన్నెలకి బూడిద ఉండనే ఉంది. బట్టలకీ గిన్నెలకీ క్షారం, తలకీ పట్టుచీరలకీ నగలకీ కుంకుడు. ఇంత చక్కగా పని విడదీసుకున్న పద్ధతి చూస్తే నాకు మంచి ప్రోగ్రామ్ చూసినట్టే ఉంటుంది. బెర్జీ మనుషులు మాత్రం అన్నిటికీ ఒకే జాడీ.

రాక్స్‌బరో సంగతికొస్తాను. ఈయన స్కాట్లండు మనిషి, ఈస్టిండియా కంపెనీ డాక్టరు. 1781లో సామర్లకోట దండుకి వచ్చాడు. మిరియాలు, నీలిమందు, చెరకు మీద ప్రయోగాలు చేస్తూ తోట వేశాడు. 1787 తుపానులో పుస్తకాలూ సేకరణా పోగొట్టుకుని మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాడు. మన దేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి లండనుకి పంపాడు. అవే 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా వచ్చాయి. నాకు ఆయన మీద అభిమానం ఎందుకంటే, లాటిన్ పేరు పక్కన తెలుగు పేరు కూడా అడిగి తెలుసుకుని రాసుకునేవాడు. శీకాయకి ఆయన ఎంచుకున్న లాటిన్ పేరు మైమోసా ఆబ్‌స్టర్జెన్స్. ఆబ్‌స్టర్జెన్స్ అంటే శుభ్రం చేసేది అని. అదేం నిలవలేదు, తర్వాత అకేసియా కన్సిన్నా అయింది, ఈమధ్య దాన్ని కూడా మార్చి సెనెగాలియా రుగాటా అంటున్నారు. మనకి మాత్రం అప్పుడూ ఇప్పుడూ శీకాయే.

కుంకుడుది మరో తమాషా. లిన్నేయస్ పెట్టిన సపిండస్ అనే పేరు, సబ్బు అనే లాటిన్ మాటకి ఇండియాది అనే మాట కలిపి చేసింది. మనవాళ్ళు కొందరు దీన్ని చూసి పొంగిపోతుంటారు. కానీ ఆయన 1753లో వర్ణించిన సపిండస్ సపొనేరియా అమెరికా చెట్టు. కొలంబస్ పొరపాటు వల్ల ఆ దీవులన్నీ ఇండియాలే కదా అప్పటికి. చెట్టు వాళ్ళది, పేరులో ఊరు మనది.

కుంకుడు, శీకాయల వాడకం మన దేశానికే పరిమితం కాదు. కాకినాడ పక్కన కోరంగి రేవునుంచి ఓడలెక్కి రంగూన్ పోయిన మనవాళ్ళు వేలకివేలు. అక్కడ తెలుగు కూలీలందరికీ కోరంగీలనే పేరు. అంత దూరం పోయినా తలంటు మాత్రం మారక్కర్లేకపోయింది. బర్మావాళ్ళు తలకి వాడే తయా-కిన్‌పున్‌లో కిన్‌పున్ అంటే మన శీకాయే. తయా అనేది ఇంకో చెట్టు బెరడు, దాని జిగురు జుట్టుని మెత్తగా చేస్తుంది. అంటే మన మందారాకు చేసే పని. 1930లో రంగూన్ రేవులో గొడవలై మనవాళ్ళెంతోమంది చచ్చిపోయారు, 1942లో జపాను దండెత్తితే మిగిలినవాళ్ళు కాలినడకన తిరిగొచ్చారు. ఒకే కాయతో తలంటుకునేవాళ్ళ మధ్య గొడవలు రావని ఎక్కడా లేదు.

ఇక్కడ మార్కమ్‌లో మా పక్కింటి జాఫ్నా అక్క శీకాయని సీయక్కాయ్ అంటుంది. ఎదురింటి చైనా బామ్మగారికి నేను కాయలు చూపిస్తే, ఆవిడ వాళ్ళ మందుల కొట్టునుంచి నల్లటి పొడుగాటి కాయలు తెచ్చి చూపించింది. అవి జావ్‌జ్యావ్. వాళ్ళ పూర్వీకులు తలకీ బట్టలకీ వాడినవి. మా వీధిలో టౌన్‌వాళ్ళు నాటిన హనీ లోకస్ట్ చెట్లు దానికి దాయాదులు. యూరప్‌వాళ్ళకి కూడా సపోనిన్ తెలియకపోలేదు. సోప్‌వర్ట్ అనే మొక్కని తెచ్చి ఇక్కడ పెంచుకున్నారు, ఇప్పుడది ఆంటారియో రోడ్ల పక్కన కలుపులా పెరిగి గులాబీరంగు పూలు పూస్తుంది. మా అమ్మ వచ్చినప్పుడు చూపిస్తే, ఆకు నలిపి నురగ చూసి, "వీళ్ళకీ ఉందన్నమాట" అంది కాస్త నిరాశగా.

షాంపూ అన్న మాట సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది కాబట్టి క్లుప్తంగా చెప్తాను. చాంప్‌నా అంటే హిందీలో ఒత్తడం, పిసకడం. దీన్ మహమ్మద్ కంపెనీ సైన్యంలో ఉండి, 1784లో ఐర్లండు వెళ్ళి, అక్కడి అమ్మాయిని పెళ్ళాడి, 1810లో లండన్లో మన వంటల హోటల్ పెట్టి, దివాలా తీసి, చివరికి బ్రైటన్ సముద్రం ఒడ్డున ఆవిరి స్నానాల ఇల్లు పెట్టాడు. మూలికల ఆవిరి, ఒళ్ళు మర్దన. దాన్నే షాంపూయింగ్ అన్నాడు. 1822లో దాని గురించి పుస్తకం రాశాడు. నాలుగో జార్జికీ, నాలుగో విలియంకీ ఆస్థాన షాంపూ వైద్యుడయ్యాడు! అప్పటికి ఆ మాటకి తల కడుక్కోవడం అనే అర్థమే లేదు. 1851లో ఆయన పోయాక, 1860ల్లో ఆ అర్థం అంటుకుంది. అంటే మన దేశంనుంచి మర్దనగా వెళ్ళిన మాట, సీసాలో ద్రవంగా తిరిగొచ్చింది.

అలా తిరిగొచ్చినది సబ్బు కూడా కాదు. 1934లో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్‌వాళ్ళు డ్రీన్ అని తెచ్చారు, కృత్రిమ డిటర్జెంటుతో చేసిన షాంపూ. కఠినజలంలోనూ నురగొస్తుంది, జిడ్డు తేలదు. (కుంకుడు ఎప్పటినుంచో చేస్తున్న పనే.) సన్‌సిల్క్ 1964లో మన దేశానికొచ్చింది, కానీ సీసా కొనగలిగేది ఎంతమంది? మా ఇళ్ళలోకి షాంపూ వచ్చింది సీసాలో కాదు, సాషేలో. కడలూరులో చిన్ని కృష్ణన్‌గారు సాషేల ఆలోచన చేస్తే, ఆయన కొడుకు రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో చిక్ మొదలుపెట్టాడు. ఖాళీ సాషేలు తిరిగిస్తే కొత్తది ఉచితం అన్నాడు. 1999కి అర్ధరూపాయి సాషే. కిళ్ళీకొట్టు ముందు తోరణాల్లా వేలాడేవి. మల్లెపూల వాసన!

నన్నడిగితే కుంకుడుని ఓడించింది ఆ వాసనో, వ్యాపార ప్రకటనలో కాదు, మా దొడ్డమ్మ నడుము. అయిదు తలలకి కాయలు కొట్టి, కాచి, వడకట్టి, ఒక్కొక్కరికీ రుద్దేసరికి ఆదివారం మధ్యాహ్నమయ్యేది. ఆవిడ తలకి పోసుకునే సరికి నీళ్ళు చల్లారిపోయేవి. మొదటి సాషే ఇంట్లోకొచ్చిన రోజు ఎవరికి సంతోషం కలిగిందో నాకు బాగా తెలుసు. "ఆ రోజుల్లో అంతా సహజం" అని నిట్టూర్చేవాళ్ళలో కాయలు కొట్టినవాళ్ళు నాకెప్పుడూ కనపడలేదు.

మరి నేనెందుకు చేస్తున్నాను? మా పాపకి డిటర్జెంటు షాంపూలు పడక మాడు పొక్కుతుంటే మొదలుపెట్టాను. ఇప్పుడు అలవాటయింది. కొలత చెప్తాను. కొబ్బరినూనె 200 గ్రాములు, ఆలివ్ నూనె 150, ఆముదం 75, నువ్వులనూనె 75. దీనికి కాస్టిక్ సోడా 72 గ్రాములు, నీళ్ళు 150. ఒక్కో నూనెకి పట్టే కాస్టిక్ వేరు. కొబ్బరినూనె గ్రాముకి 0.183, ఆముదం 0.128, మిగతా రెండూ 0.134 దగ్గర. అన్నీ కూడితే 76 పైన వస్తుంది, అందులో ఆరుశాతం తగ్గిస్తే కాస్త నూనె సబ్బుగా మారకుండా మిగిలి జుట్టుకి మెత్తదనమిస్తుంది. కాస్టిక్‌ని నీళ్ళలో వెయ్యాలి, నీళ్ళని కాస్టిక్ మీద పొయ్యకూడదు, చిమ్ముతుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, పిల్లలు పడుకున్నాకే. రెండూ గోరువెచ్చగా ఉన్నప్పుడు కలిపి, స్టిక్ బ్లెండర్‌తో దోసెపిండిలా అయ్యేదాకా తిప్పి, ఒక చెంచా శీకాయ పొడి వేసి, జ్యూసు అట్టపెట్టెలో పోస్తాను. (పాల అట్టపెట్టె అందామంటే ఆంటారియోలో పాలు సంచుల్లో కొంటాం.) మర్నాడు కోసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి.

అంత క్షారంలో పడ్డాక శీకాయ గుణం ఎంత మిగులుతుందంటే, రంగు మిగులుతుంది, నా నమ్మకం ప్రకారం ఇంకేమంత మిగలదు. మాడు నయమవడానికి కారణం పాత షాంపూ మానడమే కావచ్చు. అసలు కండిషనింగ్ అంతా ముందు రోజు రాత్రి పెట్టే కొబ్బరినూనెలోనూ, చివర పోసే శీకాయ నీళ్ళలోనూ ఉంది. 2003లో రెలే, మొహిలే అనే ఇద్దరు, కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగి ప్రోటీన్ పోకుండా కాపాడుతుందని, పొద్దుతిరుగుడు నూనె ఆ పని చేయదని చూపించారు. వాళ్ళు పనిచేసింది కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీకే అనుకోండి, అయినా ప్రయోగం బాగుంది.

మా స్నేహితురాలొకామె ఈ బిళ్ళలు చూసి అమ్ముదామంది. సంతోషమే. లేబుల్ మీద "అయిదువేల ఏళ్ళ భారతీయ సబ్బు" అని వేద్దామంది. అక్కడ పేచీ వచ్చింది. హర్యానాలో బనావలి అనే హరప్పా కాలపు చోట తవ్వకాల్లో కుంకుడు, ఉసిరి, శీకాయ అవశేషాలు కలిసి దొరికాయని ఆధారం కూడా చూపించింది. నిజమే, దొరికాయి. కానీ దొరికినవి కాయలు, సబ్బు కాదు. నూనెలో కాస్టిక్ కలిపి చేసిన ఈ బిళ్ళ వంశవృక్షం గీస్తే అది పెద్దాపురం పెరట్లోకి కాదు, మార్కమ్ బూడిద పీపాలోకి పోతుంది. "ఎవరు పట్టించుకుంటారు?" అంది. వాళ్ళమ్మగారూ మా దొడ్డమ్మలాగే కాయలు కొట్టినావిడే. ఆవిడ పట్టించుకుంటుంది అన్నాను. రెండు వారాలు మాటల్లేవు.

ఆ రెండు వారాల్లో నేను శీకాయ పొడి ఎక్కడిదా అని వెతికాను. ఇక్కడి దేశీ కొట్లో పొట్లం మీద "ఇండియా ఉత్పత్తి" అని తప్ప ఏమీ లేదు. మా వైపు శీకాయ రంపచోడవరం లాంటి ఏజెన్సీ కొండల్లో గిరిజనులు ఏరి సంతకి తెస్తారు. దళారుల చేతిలో మోసపోకుండా వాళ్ళ దగ్గర కొనడానికే 1956లో విశాఖలో గిరిజన సహకార సంస్థ పెట్టారు. అటవీ ఉత్పత్తుల మీద హక్కు వాళ్ళదేనని 2006 చట్టం చెప్పింది, 2013లో కేంద్రం కనీస మద్దతు ధర పథకం తెచ్చింది. ఇంత జరిగినా మార్కమ్ పొట్లం దాకా వచ్చేసరికి ఏరిన చెయ్యి ఆనవాలు ఉండదు. ఇప్పుడు ఊరెళ్ళినవాళ్ళ చేత ఆ సంస్థ పొడే తెప్పిస్తున్నాను. రెండు కిలోలు ఆరునెలలొస్తుంది.

చివరికి రాజీకొచ్చాం. కెనడాలో సౌందర్య సాధనాలు అమ్మితే, మొదటి అమ్మకమైన పదిరోజుల్లోగా హెల్త్ కెనడాకి చెప్పాలి, పదార్థాల పేర్లు అంతర్జాతీయ పద్ధతిలో వెయ్యాలి. కాబట్టి లేబుల్ మీద సోడియం కోకోయేట్, సోడియం ఆలివేట్, అకేసియా కన్సిన్నా అని వరసగా ఉన్నాయి. మా అమ్మమ్మకి తెలిసిన పేరు ఒక్కటీ లేదు. మిగతా సమాచారం ఇంగ్లీషు, ఫ్రెంచి రెండింట్లోనూ తప్పనిసరి, మూడో భాషకి అడ్డేమీ లేదు. "కొబ్బరినూనె, ఆముదం, శీకాయలతో మార్కమ్‌లో చేసినది" అని కింద తెలుగులో వేశాం. అయిదువేల ఏళ్ళు తీసేశాం. పోయిన శనివారం 24లో 11 అమ్ముడయ్యాయి, అందులో మూడు చైనా బామ్మగారే కొంది.